తాళంచెవి అక్కర్లేని తాళం

ఫిబ్రవరి 4

మేస్త్రీ అక్కకి,

ముందు కూర్చో. కూర్చున్నావా? బండి కొనేశాను!

తిట్టకు, మొత్తం చదివాక తిట్టు. పికప్. కూరగాయల వ్యాపారి దగ్గర పదేళ్ళు తిరిగింది. ఎన్నిసార్లు కడిగినా ఉల్లిపాయల కంపు పోవడం లేదు. ఎడమ తలుపు లోపలి నుంచి తెరుచుకోదు, కాబట్టి పక్కన కూర్చున్నవాళ్ళు నా అనుమతి లేకుండా దిగలేరు. ఇంజను మాత్రం గడియారం. నువ్వు వింటే నువ్వే ఒప్పుకుంటావు.

దీన్ని లాగుడు బండి చేద్దామని. ఊరి బయట బైపాసు మీద రోజూ ఎవడో ఒకడి బండి ఆగిపోతుంది. క్రేను కావాలంటే పక్క ఊరి నుంచి రావాలి, అది వచ్చేసరికి మనిషికి గడ్డం పెరుగుతుంది. మొన్న ఒకావిడ చంకలో పిల్లతో ఎండలో నాలుగు గంటలు నిలబడింది. నేనే తాడు కట్టి లాక్కొచ్చాను. తాడు రెండుసార్లు తెగింది. అప్పుడే అనుకున్నాను, ఈ పని మనది అని.

మనది అంటే మనిద్దరిది. నువ్వు ఆ దీవి మీద ఓడలకి అతుకులు వేస్తూ ఎన్నాళ్ళుంటావు? డిసెంబరుతో నీ కాంట్రాక్టు అయిపోతుంది కదా. వచ్చెయ్. అప్పటిదాకా నువ్వు ఉత్తరాల్లో చెప్పు, నేను ఇక్కడ చేస్తాను. తలుపు మీద పేరు కూడా రాయించేశాను: "అక్క–తమ్ముడు లాగుడు బండి". పెయింటరు నీ పేరు ముందు రాశాడు, నేనే రాయమన్నాను. పెద్దదానివి కదా.

వెనకాల ఎత్తే కమ్మీ ఎలా బిగించాలో బొమ్మ గీసి పంపు. తొందరగా.

నీ తొందరోడు

—

ఫిబ్రవరి 16

ఒరేయ్ తొందరోడా,

తిట్టాను. మొత్తం చదివాకే తిట్టాను. మా గదిలో ఉండే ఇద్దరూ లేచి కూర్చున్నారు. ఆ తర్వాత వాళ్ళకి నీ ఉత్తరం చదివి వినిపించాను, గడ్డం మాటకి పడీ పడీ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. అంటే ఒప్పుకున్నట్టే అనుకో.

ఇప్పుడు చెవులు రిక్కించి విను. బొమ్మ ఈ కాగితం వెనక ఉంది. కమ్మీ నిలబెట్టే ఫ్రేముని బండి కింది చట్రానికి, అదే చాసిస్‌కి, వెల్డింగ్ చెయ్యకు. అడ్డంగా ఒక్క గీత వెల్డింగ్ పెట్టావో, ఆరు నెలల్లో సరిగ్గా అక్కడే పగులుతుంది. బోల్టులే వెయ్యి. కన్నాలు చాసిస్ పక్క గోడకే పెట్టు, పైఅంచుకీ కిందిఅంచుకీ చచ్చినా పెట్టకు. బరువంతా మోసేది ఆ అంచులే. వెనక చక్రాల మీది కమాను పట్టీలు చెరో పక్క రెండు అదనంగా వేయించు. వెనకాల ఒక బండిని ఎత్తితే నీ పికప్ ముందు చక్రాలు తేలికైపోతాయి, స్టీరింగు తిప్పినా బండి తిరగదు. అందుకని ముందు బంపరు దగ్గర బరువు పెట్టాలి. ఇనప దిమ్మ దొరికితే సరే, లేకపోతే నువ్వే వెళ్ళి కూర్చో.

బండిని పైకి లాగే వించి డ్రమ్ము మీద వైరు ఎప్పుడూ కనీసం ఐదు చుట్లు మిగలాలి. మొత్తం విప్పేస్తే కొస ఊడి నీ మొహానికే తగులుతుంది. ఆ మొహం ఉన్నదే అంతంత మాత్రం.

ఇక్కడ గాలి ఎక్కువగా ఉంది. నిన్న పైన పని ఆపేశారు. ఆఫీసు గదిలో ఉన్న ఒకే ఒక్క ఫోను ముందు గంటన్నర నిలబడితే నాకు ఐదు నిమిషాలు దక్కాయి. మావయ్యతో మాట్లాడాను. నీ బండి చూశాడట. "బాగుందమ్మా, కానీ వాసన" అన్నాడు. సంతోషంగానే ఉన్నాడు. అమ్మ పోయాక మనల్ని సాన చక్రం తిప్పి పెంచిన మనిషి, ఈ వయసులో మన సొంత పని చూస్తే ఆ మాత్రం ఉండదా?

డిసెంబరుకి వస్తాను. రాగానే మావయ్య ఇంటి వెనక గది నాకు. ముందే చెబుతున్నాను.

చేతులు కాల్చుకోకు.
అక్క

—

మార్చి 9

అక్కా,

అయిపోయింది! ఫ్రేము బిగించాం, బోల్టులు పక్క గోడకే. కమాను పట్టీలు వేశాం. ముందు పాత రైలు పట్టా ముక్క కట్టాం. పైన పసుపు దీపం తిరుగుతుంటే వీధిలో కుక్కలన్నీ ఒకటే గోల.

మొదటి బేరం ఎవరిదో తెలుసా? డ్రైవింగ్ స్కూల్ కారు! కాలవలో ముందు రెండు చక్రాలూ దిగిపోయాయి. నేర్చుకునే ఆయన లోపలే కూర్చుని దిగనంటాడు. "నా క్లాసు ఇంకా పావుగంట ఉంది, డబ్బు కట్టాను" అంటాడు. నేర్పే మేష్టారు చొక్కా విప్పి కారు మీద స్కూలు పేరు కనబడకుండా కప్పేశాడు. అలా బనీను మీద ఆయన, లోపల ఈయన, వెనక ఊరేగింపులా జనం. మార్కెట్ మీదుగా లాక్కొచ్చాను.

అది చూసే మార్కెట్ మేనేజరు పిలిపించాడు. మార్కెట్ కింద కొత్తగా పార్కింగ్ కట్టారులే. చుట్టుపక్కల దారుల్లో అడ్డంగా ఆపిన బండ్లన్నీ తీసేసే మనిషి కావాలట. మే ఒకటికల్లా దారులన్నీ ఖాళీగా కనబడితే ఏడాది పని కాగితం మీద రాసిస్తానన్నాడు. ఏడాదక్కా! ఎవడి బండి ఎప్పుడు ఆగుతుందా అని బైపాసు మీద గద్దలా కాచుకుని కూర్చోనక్కర్లేదు. నువ్వొచ్చేసరికి రెండో బండి కొనచ్చు.

నువ్వేమంటావు?

గాల్లో తేలుతున్న
తమ్ముడు

—

మార్చి 21

గాల్లోంచి కిందికి దిగరా,

మేష్టారి చొక్కా కథ యార్డంతా పాకింది. ఫోర్‌మాన్ నన్ను ఆపి మరీ చెప్పించుకున్నాడు.

ఏడాది పని అంటే మాటలా? చేసెయ్. నీకు మొహమాటం ఎక్కువ, అదొక్కటే నా భయం. దారికి అడ్డంగా బండి ఆపినవాడు ఎవడైతేనేం, మొహం చూడకు. ఒక అంబులెన్సు రావాలంటే ఎలా వస్తుంది? ఒకరికి వదిలితే రేపు పదిమంది "మరి వాడికో?" అంటారు.

ఒక్క మాట మాత్రం అడగాలి. మావయ్య తన సాన బండి, ఆ పాత వ్యాను, ఆపుకునే సందు కూడా ఇందులో ఉందా? ఆయన దారికి అడ్డం లేడు. గోడకి ఆనించి, మూతి బయటికి పెట్టి, ఇరవై ఏళ్ళుగా అదే చోట. దర్జీలు, మంగలి షాపులవాళ్ళు, మాంసం కొట్లవాళ్ళు, అందరూ కత్తులూ కత్తెర్లూ పట్టుకుని నేరుగా అక్కడికే వస్తారు. కింద పార్కింగ్‌లోకి ఆ బండి పోదు, పోయినా నిప్పురవ్వలు లేచే పని అక్కడ చేయనివ్వరు. మేనేజరుతో ముందే మాట్లాడి ఆ చోటు వదిలించు. రాయి, మర్చిపోకు.

ఇంకొకటి. ఇది నీకు చెప్పొద్దని మావయ్య ఒట్టు వేయించుకున్నాడు. వేయించుకుంటే వేయించుకున్నాడు. ఏప్రిల్ 19న ఆయనకి కంటి ఆపరేషను. రెండు రోజులు ఆస్పత్రిలోనే ఉంచుతారు, కట్టు కడతారు, అది విప్పేదాకా రెండు వారాలు గడప దాటొద్దన్నారట. నీ కొత్త పని చెడుతుందని నీకు చెప్పొద్దన్నాడు. అలాంటి మనిషి ఒంటరిగా వెళ్తుంటే నేను నోరు మూసుకుని ఎలా ఉంటాను? ఏదో దారిలో కనబడినట్టు నటించి ఆయనతో పాటు వెళ్ళు. నీ నటన సంగతి తెలుసు, కాస్త తగ్గించి నటించు.

అక్క

—

ఏప్రిల్ 2

అక్కా,

మంచిపని చేశావు చెప్పి. ఈ మావయ్య ఉన్నాడే! నిన్న టీ తాగుతూ గంటసేపు నాతో కూర్చుని కన్ను సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. కప్పు బల్ల మీద పెట్టబోయి గాల్లో పెట్టాడు. అప్పుడు కూడా "టేబులు కదిలిందిరా" అన్నాడు. 19న నేను వెళ్తాను, నిశ్చింతగా ఉండు.

పని జోరుగా ఉంది. వించికి వేరే బ్యాటరీ పెట్టించాను, నువ్వు చెప్పకపోయినా. లేకపోతే రెండోసారి ఎత్తేసరికి ఇంజను స్టార్టు కావడం లేదు. చూశావా, నాకూ బుర్ర ఉంది. వెనక దారులు మూడూ ఖాళీ అయ్యాయి. కొందరు తిడతారు, కొందరు టైరు పట్టుకుని వేలాడతారు. ఒకాయన బానెట్ మీద పడుకున్నాడు, నిద్రపోయాడు కూడా.

అక్కా, ఒక సాయం. మొన్న ఎవడో మన పికప్‌ని తోసుకుపోబోయాడు. గేరులో పెట్టకుండా వదిలేశాను, నాదే తప్పు. పక్కింటివాళ్ళు కేకేస్తే పారిపోయాడు. అప్పట్నుంచీ మనసు మనసులో లేదు. మావయ్య బండి వెనక చక్రానికి నువ్వు చేసిపెట్టిన తాళం ఉంది చూడు, అలాంటిది మనకీ చేయించుకుందామని. దగ్గరికెళ్ళి చూశాను, ఎలా తెరుచుకుంటుందో అంతుపట్టలేదు. ఆయన్ని అడిగితే "అది మా ఇద్దరి రహస్యం" అని నవ్వి ఊరుకున్నాడు. నువ్వు బొమ్మ గీసి పంపితే ఇక్కడ మేస్త్రీతో చేయిస్తాను. ఈ వారంలోనే పంపు అక్కా, నాకు నిద్ర పట్టడం లేదు.

తమ్ముడు

—

ఏప్రిల్ 10

తమ్ముడూ,

నా మొదటి పని మీద నీ కన్ను పడింది, పదేళ్ళకి! అప్పుడు నువ్వు "ఇదేం తాళం, గేదెకి కట్టే పలుపులా ఉంది" అన్నావు. గుర్తు లేదా? నాకుంది.

చెబుతాను విను. మావయ్యకి తాళంచెవి ఇస్తే సాయంత్రానికి పోగొడతాడు. ఆ ఏడాది మూడు పోగొట్టాడు. ఒకటి టీ గ్లాసులో దొరికింది, మిగతావి ఇప్పటికీ దొరకలేదు. అప్పుడు నేను వర్క్‌షాపులో చేరి రెండు నెలలు. వెల్డింగ్ అంటే చేతికి బొబ్బలే తప్ప అతుకు సరిగా పడేది కాదు. అయినా కూర్చుని ఆలోచించి, తాళంచెవి అక్కర్లేని తాళం చేశాను. చక్రం కన్నంలోంచి దూరి కమాను పట్టీకి అడ్డం పడే ఇనప పట్టీ అది. దాన్ని పెట్టి బండి కదపబోతే చక్రం అంగుళం తిరిగి ఆగిపోతుంది. ముందు వేలాడే తాళం కప్ప ఉత్తుత్తిది. దొంగ దాన్ని పగలగొట్టుకుంటూ కూర్చుంటాడు, అది ఊడినా పట్టీ ఊడదు. అసలు కీలకం వెనక ఉన్న మడతబందు పిన్ను. చక్రం లోపలి వైపు, చేత్తో తడిమితే తగులుతుంది. కింది నుంచి పైకి సుత్తితో రెండు దెబ్బలు కొడితే పిన్ను లేచి పట్టీ చేతిలోకి వస్తుంది. పై నుంచి కొడితే ఇంకా బిగుస్తుంది. ఇది తెలిసింది ఆయనకీ నాకూ, ఇప్పుడు నీకు.

బొమ్మ వేరే కాగితం మీద గీశాను. బాణం గుర్తు పెట్టి "ఇక్కడ, కింది నుంచి, రెండు దెబ్బలు" అని రాశాను, నీ తొందరలో తిరగేసి కొడతావని. చేయించాక కాగితం చింపెయ్.

అది బిగించిన రోజు మావయ్య వీధిలో ప్రతివాడినీ పిలిచి "మా అమ్మాయి చేసింది, తీయండి చూద్దాం" అన్నాడు. ఒక్కడూ తీయలేకపోయాడు. ఇప్పటిదాకా ఎన్నో ఓడలకి పనిచేశాను కానీ, అంత గర్వం మళ్ళీ ఎప్పుడూ రాలేదురా.

సందు గురించి అడిగాను, జవాబు రాయలేదు. మేనేజరు ఏమన్నాడు?

అక్క

—

ఏప్రిల్ 26

అక్కా,

మావయ్య ఆపరేషను బాగా జరిగింది. తెల్లారే నేనే తీసుకెళ్ళాను. నన్ను చూసి ముందు "అది చెప్పేసిందా" అన్నాడు, తర్వాత నా చెయ్యి వదల్లేదు. లోపలికి నేనే నడిపించాను. కట్టు కట్టి తీసుకొచ్చాక మంచం మీద కూర్చోబెట్టి కాసేపు కబుర్లు చెప్పాను. మధ్యాహ్నం పని ఉంటే వెళ్ళి, సాయంత్రానికి మళ్ళీ వచ్చాను. డాక్టరు కన్ను బాగా వచ్చిందన్నాడు. కొన్నాళ్ళు నిప్పురవ్వల దగ్గరికి పోవద్దన్నాడు. అంటే ఎలాగూ ఆయనకి కొన్నాళ్ళు సాన పని ఉండదు.

ఇంకో శుభవార్త. గడువు కంటే ముందే దారులన్నీ ఖాళీ చేసి చూపించాను. ఏడాది కాగితం చేతికొచ్చింది! మేనేజరు అందరి ముందూ భుజం తట్టాడు.

పని తొందరలో ఉన్నాను, వివరంగా మళ్ళీ రాస్తాను.

తమ్ముడు

—

మే 5

నీకు,

నిన్న ఆఫీసు గదికి రమ్మని కబురొచ్చింది, ఊరి నుంచి ఫోను అని. మావయ్య. తనంతట తాను ఎప్పుడూ చెయ్యని మనిషి చేశాడంటే, కంటికేమన్నా అయిందేమోనని పరిగెత్తాను.

"అమ్మా, బండి సందులో లేదు" అన్నాడు. కట్టు విప్పాక మొట్టమొదట వెళ్ళి చూసింది అదేనట. సందు మూతికి ఇనప గేటు పెట్టేశారట. బండి ఊరి చివర, లాక్కెళ్ళిన బండ్లు పెట్టే యార్డులో ఉందని ఎవరో చెబితే రెండు బస్సులు మారి వెళ్ళాడు. ఉంది. కానీ ముందు భాగం ఎత్తినప్పుడు లోపలి పెద్ద సానరాయి జారి, రెండు ముక్కలైంది. అది నలభై ఏళ్ళ రాయి. వాళ్ళ నాన్న దగ్గర్నుంచి వచ్చింది.

ఆయన తిట్టలేదు. ఏడవలేదు. ఒకే ఒక్కటి అడిగాడు. "పట్టీకి గీత కూడా పడలేదమ్మా. పిన్ను తీసి పక్కన పెట్టారు. అది ఎటు కొట్టాలో నువ్వెవరికైనా చెప్పావా?"

"తమ్ముడికి చెప్పాను" అన్నాను. "ఓహో" అన్నాడు. ఇంకేదో అడగబోయాడు. ఇంతలో నా ఐదు నిమిషాలు అయిపోయాయి, వెనకవాడు ఫోను లాక్కున్నాడు.

నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. పికప్‌ని ఎవడూ తోసుకుపోలేదు, అవునా? మావయ్య బండి వెనక గోడ ఉంది కాబట్టి ముందు నుంచే ఎత్తాలి. ముందు నుంచి ఎత్తితే వెనక చక్రాలు తిరగాలి. తాళం ఊడితే తప్ప తిరగవు. నీకు కావాల్సింది అదీ. నన్ను అడిగావు. నేను వెర్రిదాన్ని, పొంగిపోయి బాణం గుర్తు పెట్టి మరీ పంపాను. ఆయన ఏ రోజు బండి దగ్గర ఉండడో అది కూడా నేనే చెప్పాను. చెయ్యి పట్టుకుని ఆస్పత్రిలోకి నడిపించావే, కంటికి కట్టు కట్టాక పక్కన కూర్చుని కబుర్లు చెప్పావే, అక్కణ్ణుంచి లేచి నేరుగా సందుకే వెళ్ళావా? సాయంత్రం మళ్ళీ వచ్చి అదే మంచం మీద కూర్చున్నావా? ఏం మాట్లాడావురా ఆయనతో?

సిగ్గు లేదూ? మనకి అన్నం పెట్టిన బండిరా అది!

జవాబు రాయి. బోల్టుల సంగతి కాదు, ఇది రాయి.

అక్క

—

మే 17

అక్కా,

రెండుసార్లు రాసి చింపేశాను. ఇది మూడోది.

అవును, అబద్ధం చెప్పాను. కానీ అక్కా, మేనేజరు ఏమన్నాడో నీకు తెలియదు. నువ్వు అడగమన్నావు, నేను అడిగాను. "మీ మావయ్య బండి ఒక్కటి ఉంటే మిగతావాళ్ళు ఊరుకుంటారా? అది తీయగలిగితే పని నీది, తీయలేకపోతే ఇంకొకడిది" అన్నాడు. ఇంకొకడు వస్తే ఏం చేసేవాడు? గ్యాస్ కట్టరుతో పట్టీ కోసి, ఈడ్చి పడేసేవాడు. టైర్లు చిరిగేవి, ఇరుసు విరిగేది. నేను తీశాను కాబట్టి గీత పడకుండా వెళ్ళింది. రాయి సంగతి మాత్రం తెలియక చేశాను. తలుపు తీసి లోపల కట్టి ఉందో లేదో చూసుకోవాల్సింది. తొందరలో చూడలేదు.

మావయ్యతో ముందే చెబుదామని నాలుగుసార్లు వెళ్ళాను. ఆయన మొహం చూసి చెప్పలేక తిరిగొచ్చాను. ఆయన లేనప్పుడయితే చూడాల్సిన బాధన్నా ఆయనకి తప్పుతుంది అనుకున్నాను. కొత్త చోటు చూసిపెట్టి, బండి అక్కడ ఆపించి, కట్టు విప్పాక చెబుదామనుకున్నాను. చోటు దొరకలేదు.

అయినా నువ్వు మాత్రం ఏమన్నావు? ఎవడైతేనేం, మొహం చూడకు అన్నావు. ఒకరికి వదిలితే పదిమంది అడుగుతారన్నావు. ఆ ముక్క నేను చాలాసార్లు చదువుకున్నాను. సందు వదిలించమని కూడా అన్నావు, కాదనను. కానీ రెండూ ఎలా కుదురుతాయి?

ఇంకొకటి ఉంది. ఇది చెప్పకపోతే నాకు మనశ్శాంతి ఉండదు. నీకు ఫోను చేసిన మర్నాడు మావయ్య మన షెడ్డుకి వచ్చాడు. తలుపు మీద "అక్క–తమ్ముడు" అని ఉంది కదా, ఆ అక్షరాలు వేలితో తడుముతూ నిలబడ్డాడు. "మీ అక్కకి తెలిసే జరిగిందా?" అని అడిగాడు. "అక్క తీయమంది మావయ్యా" అన్నాను. నోట్లోంచి వచ్చేసింది. నువ్వంటే ఆయనకి ప్రాణం కదా, నీ మీద ఎంతోసేపు కోపం ఉండదని అనుకున్నాను.

క్షమించు అక్కా.

తమ్ముడు

—

జూన్ 12, లాంచీలో

నీ ఉత్తరం అందిన రోజే సెలవు అడిగాను. నాలుగు రోజులిచ్చారు. రెండు రోజులు ప్రయాణానికే పోయాయి. నీ షెడ్డు ముందు నుంచే ఆటోలో వెళ్ళాను. బండి బయటే ఉంది. దిగలేదు.

మావయ్య ఇప్పుడు ఊరి చివర లారీలు ఆగే చోట బండి పెట్టుకుంటున్నాడు. కిరాయికి తెచ్చిన చిన్న రాయితో పని. నేను కూర్చున్న పూట మొత్తానికి ఒక్క మనిషి వచ్చాడు, అదీ టైరు పంక్చరు వేస్తారా అని అడగడానికి. పాత సందు దర్జీ ఒకాయన వారానికోసారి కత్తెరలన్నీ మూటగట్టి పంపుతాడట. అంతే.

నాకు టీ ఇచ్చాడు. ప్రయాణం ఎలా జరిగింది, అక్కడ తిండి ఎలా ఉంది, ఎండకి నల్లబడ్డావు, అన్నీ మాట్లాడాడు. వచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు మాట్లాడాడు. నేను ఉండబట్టలేక అన్నాను, "మావయ్యా, నాకు తెలియదు. వాడు అబద్ధం చెప్పి అడిగాడు" అని. లేచి లోపలికెళ్ళి ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. నా బొమ్మ. నా గీత, నా బాణం, "ఇక్కడ, కింది నుంచి, రెండు దెబ్బలు". నువ్వు చింపలేదు, బండిలోనే పారేసి వెళ్ళావు. "నీ చేతిరాతే కదమ్మా" అన్నాడు. ఇంకా చెప్పబోతే "పోనీలే తల్లీ, పాపం వాడి మీద ఎందుకు తోస్తావు. చిన్నవాడు" అన్నాడు.

నమ్మలేదురా. నా మాట ఆయన నమ్మలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి.

బండి చుట్టూ తిరిగి చూశాను. వెనక చక్రానికి నా పట్టీ లేదు. బజారులో దొరికే గొలుసు, దానికో తాళం. "ఇదెందుకు మావయ్యా, తాళంచెవి పోగొట్టుకుంటావు, నేను కొత్తది చేసి పెడతాను" అన్నాను. "వద్దులేమ్మా. బయటివాళ్ళ దగ్గర కొనుక్కున్నాను, ఏమనుకోకు" అన్నాడు. తాళంచెవి మెళ్ళో దారానికి కట్టుకున్నాడు.

వెనక గది గురించి ఆయన ఎత్తలేదు. నేనూ అడగలేదు. రాత్రి బస్టాండులో పడుకుని పొద్దున్నే లాంచీ ఎక్కాను.

నీ కాంట్రాక్టు నీకే ఉండనీ. రాయి తెచ్చివ్వమని కూడా అడగను. తలుపు మీద నా పేరు చెరిపించెయ్, అది ఎలాగూ చేస్తావు. నాకు కావాల్సింది ఒక్కటే. ఆయన దగ్గరికి వెళ్ళు. "నేనే అబద్ధం చెప్పి అక్క దగ్గర బొమ్మ తెప్పించుకున్నాను, అక్కకి తెలియదు" అని చెప్పు. ఆ మాట నేను వందసార్లు చెప్పినా ఆయన నమ్మడు. నువ్వు ఒక్కసారి చెబితే చాలు. చెబితే నేను డిసెంబరుకి ఇంటికి వస్తాను. చెప్పకపోతే నాకు రావడానికి ఇల్లు లేదు.

అక్క

—

జూన్ 29

అక్కా,

వెళ్ళాను. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని వెళ్ళాను. ఏం చెప్పాలో దారంతా పైకే అనుకుంటూ వెళ్ళాను, సిగ్నలు దగ్గర పక్క స్కూటరు ఆయన నాకు పిచ్చి అనుకున్నాడు.

ఆపరేషను రోజు తర్వాత ఆయన నన్ను కూర్చోమనడం ఇదే మొదలు. ముందు రెండుసార్లు వెళ్తే పని ఆపకుండా తల ఊపి ఊరుకున్నాడు. ఈసారి బల్ల తుడిచి "కూర్చోరా" అన్నాడు. కొత్త కంటితో ఎగాదిగా చూసి "చిక్కిపోయావేంట్రా" అన్నాడు. "మావయ్యా, ఆ బండి సంగతి" అని నేను మొదలుపెట్టానో లేదో ఆయనే అందుకున్నాడు.

"తెలుసురా. నేనే ఆలోచించుకున్నాను. చిన్నప్పట్నుంచీ నువ్వు మీ అక్క మాట జవదాటవు. బోల్టు ఎక్కడ పెట్టాలో కూడా దాన్నే అడుగుతావు. అది తీయమంది, నువ్వు తీశావు. ఇందులో నీ తప్పేముంది?" అన్నాడు. అని నా భుజం మీద చెయ్యి వేశాడు.

అక్కా, నువ్వు అక్కడ లేవు. ఆ చెయ్యి ఎంత బరువుగా ఉందో, ఎంత హాయిగా ఉందో నీకు ఎలా చెప్పను? రెండు నెలలుగా నేను ఆయన మొహంలోకి తలెత్తి చూడలేదు. దారిలో ఎదురైతే పక్క వీధిలోకి తిరిగిపోయేవాణ్ణి. ఇప్పుడు నిజం చెబితే ఆ చెయ్యి తీసేస్తాడు. నాకు తెలుసు, తీసేస్తాడు.

"అవునా కాదా?" అన్నాడు.

"అవును మావయ్యా" అన్నాను.

నన్ను అన్నం తిని వెళ్ళమన్నాడు. తిన్నాను.

నువ్వు దూరంగా ఉంటావు. నేను రోజూ ఆయన ముందు నుంచే బండి నడుపుకుంటూ పోవాలి. మనిద్దరిలో ఎవరో ఒకరం ఆయనకి చెడ్డవాళ్ళం కావాలంటే, నువ్వు పెద్దదానివి, గట్టిదానివి. నువ్వు మోయగలవు అక్కా, నేను మోయలేను.

తలుపు మీద నీ పేరు చెరిపించలేదు. మావయ్య వద్దన్నాడు, అక్కతో అలా తెగతెంపులు చేసుకోకూడదన్నాడు.

నీ తమ్ముడు